కాటనుదొరగారి యిల్లు

విద్యార్థులకు విహారయాత్రలు వినోదమునకే గాక విజ్ఞానమునకును సాధనములని పెద్దలందఱు నంగీకరించిన విషయమే. పుస్తకములో పది పుటలు చదివినను కలుగని బోధ ఒక్కొక్కప్పుడు ఒక గోడయెదుట పది నిమిషములు నిలిచినచో కలుగును. రాబోవు డిసెంబరు నెలలో మా పదవ తరగతివారు ధవళేశ్వరము పోవుటకు ఏర్పాటులు జరుగుచున్నవి. 2014వ సంవత్సరమున ఉపాధ్యాయులము ముగ్గురము నలువది యిద్దఱు బాలబాలికలను వెంటబెట్టుకొని యిదే యాత్ర చేసితిమి. నాడు కన్నదానిని, అంతకంటె ముఖ్యముగా నాడు పిల్లల నోట విన్నదానిని, ఇప్పుడు పోవువారి ప్రయోజనార్థమై వ్రాయుచున్నాను.

ఆంగ్లదేశమున పూర్వపు ప్రభువుల పల్లెటూరి భవనములను చూడబోవుట ఒక వాడుక. 1895లో స్థాపింపబడిన నేషనల్ ట్రస్టు అను సంస్థ అట్టి భవనములను పెక్కింటిని కాపాడి జనులకు చూపుచున్నది. బడిపిల్లలు బండ్లలో వచ్చి, ప్రాచీన భోజనశాలలను, నిలువెత్తు చిత్తరువులను, విశాలమైన ఉద్యానములను చూచి, చెట్లక్రింద కూర్చుండి తెచ్చుకొన్న రొట్టెలు తిని, సాయంకాలమునకు ఇండ్లు చేరుదురు. ఆ భవనములు అందమైనవే. చూడదగినవే. అయితే గొప్పయింటిని చూడబోవు ప్రతివాడును అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు. ఈ యింటిని ఎవరి కష్టము కట్టినది? ఈ యింటివారు లోకమునకు ఏమి యిచ్చిరి? ఈ రెండు ప్రశ్నలును మా యాత్రలో పిల్లలే అడిగిరి. అందువలననే ఆ యాత్ర నాకు మఱపు రాకున్నది.

మన గోదావరి సీమకు సంబంధము గల ఆంగ్లభవనము ఒకటి కలదు. చెషైరు మండలమున ఒక పెద్ద సరస్సు ఒడ్డున కంబర్‌మీర్ ఆబీ అను గృహమున్నది. అది మొదట సన్న్యాసుల మఠము. పదునాఱవ శతాబ్దమున ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దుచేసినప్పుడు అది కాటను వంశమువారికి లభించినది. మన కాటనుదొర తండ్రియైన హెన్రీ కాల్వెలీ కాటను ఆ వంశపు చిన్నశాఖవాడు. ఆయనకు పదునొకండుగురు కుమారులు. వారిలో పదియవవాడు ఆర్థరు. జననము 1803 మే 15. ఆ దేశపు పెద్దకుటుంబముల వాడుకనుబట్టి యిల్లును భూములును జ్యేష్ఠునికి చెందును. తక్కిన కుమారులు సైన్యములోనో, దేవాలయపు కొలువులోనో, సముద్రము దాటి కంపెనీవారి ఉద్యోగములోనో బ్రదుకుదెరువు చూచుకొనవలెను. ఆ విధముగా ఆర్థరు కాటను ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చదివి, 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, చెన్నపట్టణములో దిగెను. తనదని చెప్పుకొనుటకు ఇల్లులేని చిన్నకొడుకు మన దేశమునకు వచ్చెనని పిల్లలు ముందుగా తెలిసికొనవలెను.

మేము బయలుదేరిన దినమున తెల్లవాఱకమునుపే పిల్లలు పాఠశాల ఆవరణమున చేరిరి. ప్రధానోపాధ్యాయులు ప్రార్థన చేసి మమ్ము సాగనంపిరి. పులిహోర పొట్లములు, ఉడికించిన గ్రుడ్లు, రెండు పెద్ద క్యానులతో త్రాగునీరు బస్సునకెక్కినవి. పాలకొల్లు దాటునప్పటికి ప్రొద్దు పొడిచినది. సార్వా కోతలు ముగిసి చేలలో కుప్పలు నిలిచియుండెను. అక్కడక్కడ దాళ్వా నారుమళ్లు పచ్చపచ్చగా కానవచ్చుచుండెను. కాలువగట్టు వెంట పోవుచు, పూర్వము ఈ కాలువలలో వడ్లపడవలు, ప్రయాణికుల పడవలు నడచెడివని నేను చెప్పగా, గుఱ్ఱపుడెక్క క్రమ్ముకొన్న నీటిని చూచి పిల్లలు నమ్మలేకపోయిరి. దారిపొడవునను ఊళ్లలో గుఱ్ఱమునెక్కిన కాటనుదొర విగ్రహములను లెక్కపెట్టు పందెమొకటి వారిలో వారే పెట్టుకొనిరి. లెక్క తప్పినదని జగడములు వచ్చినవి గాని, నిడదవోలు దాటి విజ్జేశ్వరము చేరగనే అన్నియు నిలిచిపోయెను. ఎదుట గోదావరి కనబడినది.

అచ్చట నది యొక్క పాయగా గాక నాలుగు పాయలుగా నున్నది. విజ్జేశ్వరము, మద్దూరు, ర్యాలి, ధవళేశ్వరము అని వాని పేరులు. నడుమ లంకలు. ఇప్పుడు మనము చూచునది 1982లో జాతికి అంకితమైన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి. దీనికి విజ్జేశ్వరము పాయలో 39, మద్దూరులో 23, ర్యాలిలో 43, ధవళేశ్వరములో 70, వెరసి 175 తలుపులు. లెక్కల యుపాధ్యాయుడు పిల్లలచేత బస్సులోనే ఆ కూడిక చేయించెను. 1986 ఆగస్టు నెలలో 35 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినప్పుడును ఈ కట్టడము నిలిచినది. దీనికి పూర్వము నూటముప్పది యేండ్లు మన పొలములకు నీరిచ్చినది కాటను కట్టించిన పాత ఆనకట్ట.

ధవళేశ్వరమున కాటనుదొర పేరిట ప్రదర్శనశాల యొకటి యున్నది. పిల్లలు "దొరగారి యిల్లు" అనుకొని లోనికి పోయిరి. దీపపుగుత్తులు, పట్టుతెరలు, వెండిపాత్రలు చూతుమని కొందఱు తలచినట్లు వారి మొగములే చెప్పుచుండెను. లోపల వారికి కనబడినవి ఆనకట్ట నమూనాలు, తూముల నమూనాలు, లాకుల నమూనాలు, పూర్వపు పనిముట్లు, గోడలనిండ పటములు. ఒక బాలిక మెల్లగా, "ఇది ఇల్లులా లేదండీ, మన సైన్సు గదిలా ఉందండీ" అన్నది. నవ్వితిమి గాని, ఆ మాటలో నిజమున్నది. ఆ మహాశయుని పేరిట జనులు దాచుకొన్నది ఆయన భోగవస్తువులు కావు. ఆయన చేసిన పని.

ఆ పని యెందులకు వచ్చెనో ఆ పటములయెదుటనే పిల్లలకు చెప్పితిని. ఏటేట సముద్రముపాలగు మహానది ప్రక్కనే యుండగా, మన సీమలో జనులు ఆకలిచే మడసిన కాలము కలదు. 1832-33 నాటి నందన కఱవు పేరు ముసలివారి నోట చాలకాలము నిలిచినది. అది చాలక 1839లో కోరంగి తీరమున గొప్ప తుపాను వచ్చి యుప్పునీరు ఊళ్లపైకి పొంగినది. 1821లో రాజమండ్రి జిల్లా జనసంఖ్య 7 లక్షల 38 వేలు. ఇరువదేండ్లలో అది 5 లక్షల 61 వేలకు దిగినది. ఈ యంకెలను నల్లబల్లపై వ్రాసినపుడు పిల్లలు తీసివేత లెక్కగా చేయుదురు. గోదావరిని చూచిన వెంటనే విన్నప్పుడు మాత్రము వారెవ్వరును మాటాడలేదు. జనులు తగ్గగా శిస్తు తగ్గెను. శిస్తు తగ్గగా కంపెనీవారు మేల్కొనిరి. సర్ హెన్రీ మాంట్‌గోమెరీ అను అధికారి 1844లో విచారణ నివేదిక వ్రాసెను. నది సంగతి చూచుటకు కాటను నియమింపబడెను. 1846లో అనుమతి రాగా 1847లో పని మొదలయ్యెను. 1852లో ముగిసెను.

గోదావరి యడుగున ధవళేశ్వరమువద్ద కట్టడమునకు ఆధారమగు రాతినేల లేదు. ఉన్నది ఇసుక. ఇసుకపై గోడ నిలుచుటెట్లు? ఇసుకలో నూతులు దింపి, వానిపై కట్టడము లేపి, దిగువభాగమున పెద్దరాళ్లు పఱచి నీటితాకిడికి కాపుదల చేసిరి. ధవళేశ్వరపు కొండరాయిని పట్టాలపై బండ్లలో నదియొడ్డునకు తెచ్చిరి. వదులైన యిసుకలో పునాది నిలుపు విద్యను తాము ఈ దేశపు పూర్వుల కట్టడములనుండి నేర్చుకొంటిమని కాటనే యొప్పుకొనెను. కావేరిపై కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధిగల కల్లణైని ఆయన తంజావూరు సీమలో పనిచేసిన దినములలో బాగుగా పరిశీలించెను. నూరుల యేండ్ల క్రిందటి పేరు తెలియని మేస్త్రీలను గురువులుగా నెంచుటకు సిగ్గుపడని యీ వినయమును మా పిల్లలు ముఖ్యముగా గమనింపవలెనని నా కోరిక.

ఆనకట్ట నదిని ఆపుటకు కాదు. ఈ సంగతి చాలమంది పెద్దలకును తెలియదు. నదిమట్టమును పండ్రెండడుగుల మేర యెత్తి, నీటిని ప్రక్క కాలువలలోనికి త్రిప్పుటయే దాని పని. మిగిలిన వరద దానిపైనుండి పొరలి సముద్రము చేరును. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు 10 లక్షల యెకరములకు నేడు నీరందుచున్నది ఈ యుపాయమువలననే.

ఇంత పని ఒక్కడు చేసెనా? చేయలేదు. 1848లో కాటను అనారోగ్యముచే సెలవుపై పోగా కెప్టెను ఆర్ అను దొర పని నడపెను. గన్నవరమువద్ద వైనతేయపాయమీదుగా నీటిని కోనసీమకు దాటించిన 49 కమానుల అక్విడక్టును లెఫ్టినెంటు హేగు కొలదినెలలలో కట్టించెను. మనవాడైన వీణెం వీరన్నగారు పనివారిని సమకూర్చి, వారిని నడపించి, కాటనునకు కుడిభుజమై నిలిచెను. ఆయన పేరు గోదావరి సీమలో కాటను పేరుతోపాటు చెప్పదగినది. పదివేలవఱకు పనివారు ఆ యిసుకలో రాళ్లు మోసిరి.

ఈ మాట చెప్పుచుండగనే వెనుకనుండి ఒక బాలుడు అడిగెను. వాని తల్లిదండ్రులు కూలిపని చేసికొని బ్రదుకువారు. మా తరగతిలో మితభాషి.

"మేష్టారండీ, ఆ పదివేలమందిలో ఒక్కరి పటమైనా ఇక్కడ ఉందాండీ?"

వెదకి చూచితిమి. పేరు తెలిసిన కూలివాని పటము మాకు కనబడలేదు. నేను ఆ సంగతి చెప్పగా వాడు మరల అనెను: "మా తాతగారి తాత కాలవ తవ్వాడని మా నాయనమ్మ చెప్తాదండి. ఆ కాలవ మా పేట పక్కనుంచే పోతాదండి. అందులో తడిసే సెంటు భూమి మాకు లేదండి."

వాని మాటలో కోపము లేదు. ఉన్న సంగతి చెప్పినట్లు చెప్పెను. తక్కినవారు నావైపు చూచిరి. అట్టి ప్రశ్నకు నిలుచున్నచోట నాలుగు ముక్కలలో సమాధానము చెప్పుట అన్యాయమని తోచి, భోజనసమయమున మాటాడుదమంటిని.

చెట్టునీడను పొట్లములు విప్పిన పిమ్మట ఆ బాలుని నాప్రక్కన కూర్చుండబెట్టుకొని, అందఱకును వినబడునట్లు, నాకు తెలిసినంతవఱకు ఉన్నదున్నట్లు చెప్పితిని. కంపెనీవారు డబ్బు వెచ్చించినది దయచేత మాత్రమే కాదు. శిస్తు పెరుగునని లెక్కవేసిరి. అట్లే పెరిగినది. నీరు వచ్చినపిమ్మట భూమియున్నవాడు భాగ్యవంతుడయ్యెను. భూమిలేనివానికి ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పులు, అనగా పనిదినములు దొరకినవి. కఱవు వచ్చినప్పుడు ముందుగా చచ్చువాడు భూమిలేనివాడే. కాబట్టి కాలువ మన పేటలవారిని చావునుండి తప్పించినది. ఇది చిన్నమేలు కాదు. మన తీరగ్రామములలో నూతినీరు ఉప్పన. చెఱువు నింపుకొని త్రాగు నీరుకూడ కాలువనీరే. అయినను నీరు పాఱినంతమాత్రమున న్యాయము పాఱలేదు. ఎవరు త్రవ్విరో వారికి భూమి రాలేదు. ఇది సత్యము. సత్యమును దాచి కృతజ్ఞత నేర్పుట మంచి చదువు కాదు.

ఇంకొక సంగతియు చెప్పితిని. ఆనకట్టకు పదునొకండేండ్ల ముందు, 1836లో, బౌడెను, బీరు అను ఇద్దఱు మిషనెరీలు భార్యలతో వచ్చి మన డెల్టాలో, నరసాపురము పాలకొల్లు ప్రాంతములలో, పనిచేయనారంభించిరి. వారిలో బౌడెనుగారు ధవళేశ్వరమున ఆనకట్ట పనివారి నడుమ తిరిగి సువార్త చెప్పిరి. అటుపిమ్మట వచ్చిన మిషనులవారును ఊరూర బడులు పెట్టిరి. రాళ్లు మోసినవారి మనుమలు అక్షరములు దిద్దిరి. భూమి పంచిపెట్టుటకు వారి చేతిలో లేదు. పలక వారి చేతిలో నుండెను. దానిని పంచిరి. నీవిక్కడ కూర్చుండి యీ ప్రశ్న అడుగగలుగుట ఆ పలక ఫలమే. నీ తాతలు నోటిలోనే మ్రింగుకొన్న ప్రశ్నను నీవు గట్టిగా అడిగితివి. ఇక మీదట దానికి జవాబు వెదకుటయు మీ తరమువారి పనియే యంటిని.

కొంతసేపు ఎవ్వరును పలుకలేదు. ఆ బాలుడు పులిహోర తినుచునే యాలోచించి, "అయితే మేష్టారండీ, మావాళ్లు కట్టిన ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే ఈ ఆనకట్ట చూపించొచ్చండి" అనెను. ఎవ్వరును నవ్వలేదు. నాకు మాత్రము కన్నులు చెమ్మగిల్లినవి.

మఱియొక విద్యార్థిని వేఱొక ప్రశ్న వేసెను. మనలను పాలించిన జాతివానిని ఇంతగా పొగడవచ్చునా యని. ఇదియు అడుగదగినదే. 1947లో మనము స్వతంత్రులమైతిమి. పాలకులు చేసిన అన్యాయములను చరిత్రపాఠములో చదువుచున్నాము. అవి మఱవవలసినవి కావు. కాని మనుష్యుని అతని జాతితో గాక అతని క్రియలతో తూచవలెను. కాటను తన ప్రభుత్వముతోనే జీవితమంతయు వాదులాడెను. ఈ దేశమునకు ముందు కావలసినది రైళ్లకంటె కాలువలని పదేపదే చెప్పి పైవారికి కంటగింపయ్యెను. 1878లో పార్లమెంటు సంఘమువారు ఆయనను పిలిచి ఆయన లెక్కలను గట్టిగా ప్రశ్నించిరి. ఆయన చెప్పినదంతయు సరియైనది కాకపోవచ్చును. కాని ఆకలిగొన్న వారిపక్షమున మాటాడుట ఆయన మానలేదు. గోదావరిలో స్నానముచేయు మన హిందూసోదరులు కొందఱు సంకల్పమున ఆయనను భగీరథునితో పోల్చి స్మరింతురు. క్రైస్తవులమైన మనము ఆయనను పూజింపము. ఆయనయు దానికి సమ్మతింపడు. ఆయన దృఢభక్తిగల క్రైస్తవుడు. మేలుచేసినవానిని తలచుకొని దేవునికి స్తోత్రము చెల్లించుట మన పద్ధతి. రెండు పద్ధతులకును మూలము ఒకే కృతజ్ఞత.

సాయంకాలమున బొమ్మూరు పోయితిమి. రాజమహేంద్రవరమునకు చేరువనే, ఎఱ్ఱమట్టి మెట్టపై, జనులు కాటను బంగళా యని పిలుచు ఇల్లున్నది. ఆనకట్ట కట్టించిన కాలమున దొరగారు అచ్చట నివసించిరని చెప్పుదురు. పిల్లలు ప్రొద్దుటినుండి యెదురుచూచిన "దొరగారి యిల్లు" అదియే. మేము చూచిననాటికి అది శిథిలావస్థలో నుండెను. పిల్లలు నిరుత్సాహపడిరి. "ఇంత గొప్పవారి ఇల్లు ఇలా వదిలేశారేంటండీ" అని ఆడపిల్లలు చింతించిరి. వారి చింత న్యాయమైనదే. చరిత్రగల కట్టడమును కాపాడుకొనుట నాగరకుల ధర్మము. ఆంగ్లదేశమువారు తమ భవనములను కాపాడుకొను శ్రద్ధను మనమును నేర్చుకొనవలసియున్నది.

అయినను ఆ మెట్టపై నిలిచి క్రిందికి చూచినపుడు నాకు తోచిన తలంపు వేఱు. బైబిలులో యాకోబు నూయి యని యొకటి కలదు. యాకోబు గొప్పవాడు, మందలు గలవాడు, పండ్రెండుగురు కుమారులు గలవాడు. అతడు కాపురమున్న గుడారమేమైనదో యెవ్వరికిని తెలియదు. అతడు త్రవ్వించిన నూయిమాత్రము తరతరములవారికి నీరిచ్చినది. శతాబ్దముల పిమ్మట మన ప్రభువు అలసి దానియొద్దనే కూర్చుండెను. అచ్చటికి నీళ్లకు వచ్చినది ఊరివారు చులకనగా చూచిన యొక స్త్రీ. ఆ నూయి ఆమెనుకూడ కాదనలేదు. ఇండ్లు కట్టుకొన్నవారి యిండ్లు పడిపోవును. పరులకు నీరిచ్చినవాని నీరు పాఱుచునేయుండును. మన ఆనకట్టయు నూతులపైననే నిలిచెనని పిల్లలకు జ్ఞాపకము చేసితిని.

ఆర్థరు కాటను తనకంటూ గొప్పభవన మొకటి కట్టుకొనలేదు. ఉద్యోగము చాలించి స్వదేశమునకు పోయినపిమ్మట డోర్కింగు అను ఊర కాపురముండి, ముదిమియందును తోటలో మట్టిని లోతుగా త్రవ్వించి, కొద్దినేలలో ఎక్కువ గోధుమ పండించుట యెట్లని పరీక్షలు చేయుచుండెను. 1899 జూలై 24న, తొంబదియాఱేండ్ల వయసున, అచ్చటనే కన్నుమూసెను. ఆయన కుమార్తె లేడీ హోప్ మఱుసటి సంవత్సరము తండ్రిగారి జీవితచరిత్రను ప్రకటించెను. పెద్దతరగతులవారు అది దొరకినచో చదువవలెను.

చీకటిపడు వేళకు తిరుగుప్రయాణమైతిమి. మరల బ్యారేజి దాటునప్పుడు నీటిమీద దీపముల నీడలు కదలుచుండగా, ప్రొద్దున విగ్రహముల లెక్కకై జగడమాడినవారే తలుపులు లెక్కపెట్టుటకు కిటికీలయొద్ద చేరిరి. నూటడెబ్బదియైదు వచ్చినదని ఒకడు కేకవేసెను. నూటడెబ్బదినాలుగే యని మఱియొకడు. ఇల్లు చేరువఱకు ఆ తగవు తీరలేదు.

ఇక రాబోవు యాత్రకు పోవు విద్యార్థులకు నేను చెప్పదలచినవి కొన్నిమాటలు. ప్రదర్శనశాలలోని నమూనాలను పరుగుపరుగున చూడకుడు. ఒక్క తూమునైనను, ఒక్క లాకునైనను, నీరెటు వచ్చి యెటు పోవునో పూర్తిగా తెలిసికొని రండు. అచ్చట లస్కరులు కనబడినచో వారికి నమస్కరించి పని సంగతు లడుగుడు. పుస్తకములలో లేనివి వారికి తెలియును. వీరన్నగారి పేరు వ్రాసికొని రండు. ఇంటికి వచ్చినపిమ్మట తాతను, నాయనమ్మను, అమ్మమ్మను కూర్చుండబెట్టి, మన కుటుంబమువారెవరైన కాలువ త్రవ్విరా, గట్టు వేసిరా, పడవ నడపిరా యని యడుగుడు. వారు చెప్పిన పేరులను నోటుపుస్తకమున వ్రాయుడు. గోడలమీద ఆ పేరులు లేవు గనుక మీ పుస్తకములలోనైన నుండవలెను.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. యాత్రకు రుసుము చెల్లింపలేనివారు సిగ్గుపడి పిల్లలను ఆపివేయవలదు. పాఠశాలకు తెలియజేసినచో తగిన యేర్పాటు జరుగును. ఆనకట్టను చూచుటకు దానిని కట్టినవారి సంతతికంటె ఎక్కువ హక్కు ఎవరికిని లేదు.

కాలువనీరు మన గుమ్మముముందు పాఱుచున్నంతకాలము దాని విలువ మనకు తోచదు. గట్టున చెత్త పోయుచున్నాము. నీటిలో మురికి కలుపుచున్నాము. ఎగువవారు కలిపిన మురికిని దిగువవారు త్రాగుచున్నారు. శివారు గ్రామములకు నీరు చేరక చేలు ఎండుచుండగా ఎగువన వృథాగా పోవుటయు చూచుచున్నాము. నీరు అందఱకును అందవలెనని పూర్వులు పడిన కష్టమునకు ఇది తగిన బదులు కాదు. యాత్రనుండి వచ్చిన విద్యార్థి తన యింటిముందటి పంటబోదెలో చెత్త వేయక, వేయువానిని వినయముతో వారించినయెడల, ఆ బస్సునకు పెట్టిన వ్యయము సార్థకమైనదని మేము సంతోషింతుము. దేవుడు మా పిల్లల ప్రయాణమును కాచి, క్షేమముగా ఇండ్లకు చేర్చునుగాక.